నరాలు తేలాయి... చెరిపేయొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద: తొడల మీద, పిక్కల మీద, ముక్కు పక్కన సాలెగూడులా అల్లుకునే ఎర్ర, నీలి గీతలు. రాసినవాళ్లలో ఎక్కువమంది చెన్నైవాళ్లే. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక చిన్న మాట. మనం సిరనీ నరం అంటాం, నాడినీ నరం అంటాం. తమిళంలో నరంబు సంగతీ అంతే. దాంతో కాళ్ల మీద గీతలు కనపడగానే కొందరు న్యూరాలజిస్టు దగ్గర టోకెన్ తీసుకుంటున్నారు. ఇవి నాడులు కావు, చెడు రక్తాన్ని వెనక్కి మోసే సన్న సిరలు. చూపించుకోవాల్సింది చర్మవైద్యులకు, లేదా రక్తనాళాల సర్జన్‌కు.

ప్రశ్న: టి. నగర్‌లో చీరల షోరూంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. వయసు 36. రోజుకు పది గంటలు నిలబడే ఉంటాను. రెండు తొడల బయటి వైపు ఎర్రటి వెంట్రుకల్లాంటి గీతలు, వాటి కింద పచ్చటి నరం ఒకటి కనిపిస్తున్నాయి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. ఇది వేరికోస్ వెయిన్సేనా? లేజర్ చేయిస్తే పోతుందా?

జవాబు: పేరు కంటే ముందు కొలత చూడాలి. ఒక మిల్లీమీటరు లోపు మందంతో ఎర్రగా, ఊదాగా ఉండేవి సాలెగీతలు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య నీలంగా, పచ్చగా చర్మం కింద వలలా కనిపించేవి రెటిక్యులర్ సిరలు. మూడు మిల్లీమీటర్లు దాటి, నిలబడితే తాడులా ఉబ్బి చేతికి తగిలేవే వేరికోస్. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఉన్నవి మొదటి రెండూ.

మీ ఉత్తరంలో అసలు కీలకం ఆ పచ్చటి నరమే. తొడ బయటి వైపు, మోకాలి చుట్టూ చర్మం కిందే ఒక సిరల వల ఉంటుంది. దానిలోని కవాటాలు, అంటే రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపులు, వదులైతే రక్తం వెనక్కి జారి పైనున్న సన్న గీతల్లోకి ఎక్కుతుంది. అంటే ఎర్ర గీతలు పిల్ల కాలువలు, ఆ పచ్చ నరం పెద్ద కాలువ. పెద్ద కాలువను వదిలేసి పిల్ల కాలువలను పూడిస్తే నాలుగు నెలల్లో పక్కనుంచి మళ్లీ నీరు వస్తుంది. లేజర్ చేయించినా తిరిగొచ్చాయని బాధపడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. అందుకే చికిత్స ఎప్పుడూ పెద్ద సిర నుంచి చిన్నదానికి, పైనుంచి కిందికి సాగుతుంది.

సాలెగీతలున్న ప్రతివాళ్లకూ డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్, అవసరం లేదు. మీకు మాత్రం తీయించడం మంచిది, ఎందుకంటే సాయంత్రం బరువు ఉంది. స్కాన్ నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే వెనక్కి జారే రక్తం సరిగ్గా తెలియదు, రిపోర్టు నార్మల్ అని వచ్చేస్తుంది. పిక్కను నొక్కి వదిలినప్పుడు పై సిరలో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి పారితే కవాటం పాడైందని లెక్క. అలా తేలితే ముందు ఆ పెద్ద సిర సంగతి చూడాలి, గీతలు ఆ తర్వాత.

ఇంకొకటి, మీ చీలమండ లోపలి వైపు ఒకసారి చూసుకోండి. అక్కడ విసనకర్రలా విచ్చుకున్న సన్న నీలి గీతలుంటే అది అందానికి సంబంధించిన విషయం కాదు. కాలి సిరల వ్యవస్థే అలసిపోయిందని చెప్పే గుర్తు. చర్మం నల్లబడటం, దురద, మడమ పైన మానని పుండు వంటివి మొదలయ్యేది కూడా ఆ చోటే.

నిలబడటం వల్లే వచ్చాయా అంటే, పూర్తిగా కాదు. అమ్మకో అమ్మమ్మకో ఉన్నాయేమో అడగండి, వంశం పాత్ర చాలా ఎక్కువ. గర్భాలు, బరువు, వయసు దానికి తోడవుతాయి. నిలబడటం ఉన్నదాన్ని పెంచుతుంది. తమిళనాడులో 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలన్నారు. మీ షోరూంలో స్టూలు ఉందా, ఉన్నా కూర్చోనిస్తున్నారా అన్నది మీకే తెలియాలి. గిరాకీ లేనప్పుడు కూర్చోండి. నిలబడక తప్పనప్పుడు పావుగంటకోసారి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేచి దిగండి. పిక్క కండరమే కాలి సిరలకు పంపు.

ప్రశ్న: సూదితో మందు వేసి గీతలు పోగొడతారట. నాకు సూదంటే భయం. అసలు ఎలా చేస్తారు, ఎంతసేపు పడుతుంది, వెంటనే ఆఫీసుకు వెళ్లొచ్చా?
- పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: దీన్ని స్క్లెరోథెరపీ అంటారు. కాళ్ల గీతలకు ఇప్పటికీ మొదటి స్థానం దీనిదే, లేజర్‌ది కాదు. సిరలోకి ఒక మందు పంపితే అది లోపలి పొరను దెబ్బతీస్తుంది, గోడలు అతుక్కుంటాయి, కొన్ని వారాల్లో శరీరం ఆ సిరను కరిగించేసుకుంటుంది. రక్తం వేరే మంచి సిరల్లోంచి వెళ్లిపోతుంది. ఆ గీత వల్ల మీకు ఒరిగేదేమీ లేదు కాబట్టి పోయినా నష్టం లేదు.

మందుల్లో ఎక్కువగా వాడేవి రెండు. పోలిడోకనాల్ అయితే సాలెగీతలకు 0.25 నుంచి 0.5 శాతం, రెటిక్యులర్ సిరలకు 0.5 నుంచి 1 శాతం గాఢత. సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ దానికంటే ఘాటు, అందుకే సాలెగీతలకు 0.1 నుంచి 0.25 శాతం చాలు. మన దగ్గర ఈ రెండోది తరచూ 3 శాతం గాఢతలో దొరుకుతుంది. దాన్ని సెలైన్‌తో పలచన చేసి వాడాలి, లెక్క తప్పితే చర్మానికి పుండు పడుతుంది. ఏ మందు, ఎంత శాతం అని అడగడం మీ హక్కు. చెప్పడానికి విసుక్కునే చోట చేయించుకోకండి. పోలిడోకనాల్‌ను మొదట మత్తుమందుగా తయారుచేశారు, అందుకే మంట తక్కువ. గాఢమైన ఉప్పునీరు కూడా కొందరు వాడతారు. అది మండుతుంది, కాలు పట్టేస్తుంది, సిర బయట పడితే చర్మాన్ని తినేస్తుంది. సూదంటే భయమున్నవాళ్లకు అది తగదు.

పని జరిగేది ఇలా. ముందు నిలబెట్టి గీతలకు గుర్తులు పెట్టి ఫొటో తీస్తారు. తర్వాత పడుకోబెట్టి స్పిరిటుతో తుడుస్తారు. స్పిరిటు తడి మీద వెలుతురు పడితే గీత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 30 గేజ్ సూది వాడతారు. దాని మందం 0.3 మిల్లీమీటర్లు, అంటే షుగరువాళ్లు ఇన్సులిన్‌కు వాడే సూది లాంటిదే. దాన్ని కొంచెం వంచి, చర్మానికి దాదాపు ఆనించి, భూతద్దం పెట్టుకుని గీతలోకి పంపుతారు. మందు మెల్లగా, బలం పెట్టకుండా పోయాలి. ఒక్కో చోట 0.1 నుంచి 0.3 ఎం.ఎల్. మించదు. మందు వెళ్తుంటే ఎర్ర గీత కళ్ల ముందే తెల్లబడి మాయమవుతుంది, చూసేవాళ్లకు భలే ముచ్చటేస్తుంది. అయితే అది మాయం కావడం కాదు, రక్తం పక్కకు జరిగింది, అంతే. ఐదు నిమిషాల్లో అక్కడే దోమ కుట్టినట్టు దద్దురు లేచి దురద పెడుతుంది. గంటలో తగ్గుతుంది. గోకకండి.

ఒక సిట్టింగు 20 నుంచి 40 నిమిషాలు. దిగగానే అరగంట నడిపిస్తారు, ఆ మందు లోపలి పెద్ద సిరల్లో నిలవకుండా ఉండటానికి. మీరు నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఆఫీసుంటే ఆ నడకే వైద్యం. కానీ వెళ్లి ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుంటే ప్రయోజనం లేదు, గంటకోసారి లేవాలి. కనీసం వారం పాటు రాత్రంతా కూర్చుని చేసే బస్సు ప్రయాణాలు, విమానాలు, జిమ్‌లో బరువులెత్తడం, వేడినీళ్ల స్నానం, ఎండ వద్దు. నెల్లూరు వెళ్లక తప్పకపోతే రైలెక్కండి, బోగీలో అటూ ఇటూ నడవొచ్చు.

ఒక్క సిట్టింగుతో పోవు. నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో రెండు నుంచి నాలుగు సిట్టింగులు పడతాయి. అన్నీ అయ్యాక గీతల్లో సగం నుంచి ముప్పావు వంతు దాకా తగ్గితే మంచి ఫలితమే. మొత్తం మాయం చేస్తామని బోర్డు పెట్టినవాళ్ల మాట నమ్మొద్దు. చేసిన గీత పోయినా, వచ్చే గుణం ఒంట్లో ఉంటుంది, రెండు మూడేళ్లకు పక్కన కొత్తవి లేవొచ్చు.

మందును గాలితో కలిపి నురగలా చేసి వేసే పద్ధతి ఒకటుంది. రెండు సిరంజిలను మూడు దారుల కుళాయితో కలిపి, ఒక వంతు మందుకు నాలుగు వంతుల గాలి చొప్పున ఇరవైసార్లు అటూ ఇటూ తోస్తారు. అది పెద్ద సిరలకు బాగుంటుంది. సన్న గీతలకు మాత్రం అతి, మచ్చలు ఎక్కువ పడతాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు నురగ తర్వాత కాసేపు కళ్ల ముందు మెరుపులు రావచ్చు. గుండె గదుల మధ్య రంధ్రం ఉందని తెలిస్తే ముందే చెప్పాలి.

ప్రశ్న: పెరంబూరులో ఉంటాం. రెండు నెలల క్రితం పిక్కలకు సూది మందు వేయించుకున్నాను. ఎర్ర గీతలు పోయాయి గానీ వాటి దారిలోనే గోధుమ రంగు చారలు పడ్డాయి. ముందే నయం అనిపిస్తోంది. మచ్చలు పోయే క్రీము రాసుకోమన్నారు, రాస్తున్నా తగ్గలేదు. ఒకచోట నల్లటి గింజలా తగిలి నొప్పిగా కూడా ఉంది.

జవాబు: క్రీము పనిచేయకపోవడంలో వింతేమీ లేదు. అది మొటిమ మచ్చలాంటి మెలనిన్ రంగు, అంటే చర్మానికి సహజంగా ఉండే రంగు, కాదు. మూసుకుపోయిన సిరలోంచి కారిన రక్తకణాలు విరిగి, వాటిలోని ఇనుము చర్మంలో మిగిలిపోయింది. ఒక్క మాటలో చెప్పాలంటే తుప్పు మరక. హైడ్రోక్వినోన్ క్రీములు మెలనిన్ మీద పనిచేస్తాయి గానీ తుప్పు మీద పనిచేయవు. పైగా ఎక్కువ రాస్తే చర్మం మండి, ఈసారి నిజంగానే మెలనిన్ మచ్చ దాని మీద పడుతుంది. ఆపేయండి.

ఈ మరక ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలామందికి దానంతట అదే పోతుంది. ఏడాది దాటినా ఉంటే క్యూ-స్విచ్డ్ లేజర్‌తో ప్రయత్నించవచ్చు, అదీ చామనఛాయ చర్మం మీద చేయి తిరిగినవాళ్ల దగ్గరే. మొటిమలకు మినోసైక్లిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, ఆ మాత్ర ఈ మరకను ముదురు చేస్తుంది.

ఆ నల్లటి గింజకు మాత్రం ఇప్పుడే పని చెప్పాలి. సిర మూసుకునేటప్పుడు లోపల చిక్కిన రక్తం గడ్డకట్టింది. చికిత్సయిన రెండు నుంచి నాలుగు వారాలకు పిలిచి, కొంచెం లావు సూదితో చిన్న రంధ్రం చేసి, వేలితో నొక్కి ఆ పాత రక్తాన్ని తీసేస్తారు. తారులా నల్లగా, చిక్కగా బయటికొస్తుంది. నొప్పి అప్పుడే తగ్గుతుంది, తుప్పుకు ముడిసరుకు కూడా పోతుంది. రెండో వారం తనిఖీ ఎగ్గొట్టినవాళ్లకే ఈ చారలు ఎక్కువ. మీకు కాస్త ఆలస్యమైంది, అయినా ఈ వారంలో వెళ్లండి.

ఇదే సందర్భంలో ఇంకొక ఇబ్బంది గురించి కూడా చెప్పాలి. గీత పోయిన చోట నెలకో రెండు నెలలకో కమిలినట్టు ఎర్రటి సన్న జాలీ లేస్తుంది. దాన్ని మ్యాటింగ్ అంటారు. మందు ఘాటెక్కువైనా, బలంగా తోసినా, పెద్ద కాలువను వదిలేసినా వస్తుంది. హార్మోన్ మాత్రలు వాడేవాళ్లకు ఎక్కువ. చూడగానే కంగారుపడి దాని మీద మళ్లీ సూది వేయించుకోవద్దు. ఆరు నెలలు ఆగితే ఎక్కువ శాతం సర్దుకుంటుంది.

పిక్క మొత్తం వాచి, గట్టిపడి, నడిస్తే నొప్పి పుడితే, ఛాతీలో పట్టినట్టుంటే, సూది వేసిన చోట తెల్లబడి అలాగే ఉండి మర్నాటికి నల్లబడితే మాత్రం రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా ఆవిడకు ముక్కుకు రెండు పక్కలా, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. ఎండలోకి వెళ్తే మొహం మండుతోందంటుంది. మూడేళ్లుగా మెడికల్ షాపులో దొరికే తెల్లబడే క్రీము రాస్తోంది. మానేస్తే మొహమంతా పొక్కులు, ఎరుపు, మళ్లీ రాస్తేనే చల్లగా ఉంటోంది. లేజర్ చేయించమంటారా?
- పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: ముందు ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ - వీటిలో ఏ ఒక్కటున్నా అది స్టెరాయిడ్. మొమెటాసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన ట్యూబులు మంగుకు డాక్టర్లు కొన్ని వారాలకు రాసేవి. వాటినే మన ఇళ్లలో స్నో పౌడరులా ఏళ్ల తరబడి రాస్తారు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం ఆగిందా అంటే మీ ఉత్తరమే సాక్ష్యం.

స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, రక్తనాళాలను పట్టి ఉంచే అల్లికను కరిగిస్తుంది. రాసినప్పుడు నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి తెల్లగా, చల్లగా ఉంటుంది. ఆపగానే అన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. మండటం, పొక్కులు అందుకే. ఆ మంట భరించలేక మళ్లీ రాస్తారు. ఆ గొలుసు తెంచకుండా లేజర్ చేయిస్తే డబ్బూ పోతుంది, మొహమూ కాలుతుంది.

చర్మవైద్యుల పర్యవేక్షణలోనే ఆపించండి. ఘాటు స్టెరాయిడ్ అయితే మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు, పొక్కులకు డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు ఇస్తారు. మొదటి రెండు మూడు వారాలు మొహం ఘోరంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఆ సమయంలో వంకలు పెట్టకుండా ఉంటే చాలు. ఆ కొన్ని నెలలు సబ్బు లేని క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. ఫేషియల్, బ్లీచ్, ఆవిరి, నిమ్మరసం, శనగపిండి నలుగు ఏవీ వద్దు. ఎరుపులో చాలా భాగం దానంతట అదే దిగుతుంది. మిగిలిన గీతలకే లేజర్.

మొహం మీద సూది మందు ఎందుకు వేయరని కొందరు అడిగారు. ముక్కు పక్కన సిరలు కంటి చుట్టూ తిరిగి మెదడు దగ్గరి సిరలతో కలుస్తాయి. అక్కడ ఆ మందుతో చెలగాటం వద్దు. మొహానికి లేజరే.

ప్రశ్న: త్వరలో మా అమ్మాయి పెళ్లి. ఇంకా ఆరు వారాలుంది. బుగ్గ మీద రెండు మూడు ఎర్ర గీతలున్నాయి. వెంట్రుకలు తీసే లేజర్ సెంటర్‌వాళ్లు ఆ మిషన్‌తోనే తీసేస్తామంటున్నారు, ఆఫర్ కూడా ఉందట.
- ఒక అమ్మ, అన్నానగర్

జవాబు: ఆ మిషన్ ఏమిటో అడిగి రాసుకురండి. వెంట్రుకలకు ఎక్కువగా వాడే డయోడ్ లేజర్ వెంట్రుక రంగును వెతుక్కుంటుంది, ఈ సన్న గీతలకు అది కాదు. లాంగ్ పల్స్‌డ్ ఎన్‌డీ-యాగ్ అనే లేజర్ అయితే, 1064 నానోమీటర్ల కాంతి, రెండు పనులూ చేయగలదు. అయితే గీతలకు వాడే వెలుగు చుక్క పరిమాణం, శక్తి, పల్స్ వ్యవధి వేరు. మిషన్ ఉన్నంత మాత్రాన చేయి ఉన్నట్టు కాదు.

మన చర్మానికి ఈ 1064 ఎందుకంటే, మెలనిన్ దీన్ని తక్కువగా పీలుస్తుంది. 532 నానోమీటర్ల కేటీపీ లేజర్, 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్, ఐపీఎల్ అనే కాంతి మిషన్ ఇవన్నీ తెల్లతోలువాళ్లకు గీతల మీద చక్కగా పనిచేస్తాయి. చామనఛాయ మీద మాత్రం కాంతి గీత దాకా వెళ్లకముందే పై పొరలోని రంగు దాన్ని మింగేస్తుంది. ఫలితం బొబ్బ, ఆ తర్వాత నల్ల మచ్చ లేదా తెల్ల మచ్చ. అలాగని 1064 కూడా పూర్తిగా భయం లేనిదేమీ కాదు. లోతుగా వెళ్లి బాగా వేడి చేస్తుంది. ముక్కు రెక్క పక్క గాడిలో ఒకే చోట రెండు మూడు షాట్లు వెంటవెంటనే పడితే చర్మం గుంట పడుతుంది, ఆ గుంట పూడదు.

సరిగ్గా చేసే చోట ఇలా ఉంటుంది. చల్లబరిచే మొన గానీ చల్లటి వాయువు గానీ షాటుకు ముందూ వెనకా తగులుతుంది. కళ్లకు ఆ కాంతికి సరిపడే అద్దాలు పెడతారు, ఆ కాంతి కంటికి కనపడదు గానీ రెటీనాను కాల్చేస్తుంది. కనురెప్ప దగ్గర గీతలైతే కంటి లోపల లోహపు కవచం పెట్టాలి, లేదా ఆ గీతను వదిలేయాలి. షాటు పడగానే గీత మాయమవడమో ముదురు రంగు తిరగడమో జరగాలి. చర్మం తెల్లగా, బూడిదగా మారితే కాలిందని అర్థం, అక్కడితో ఆపాలి. ముందు చెవి దగ్గరో దవడ కిందో ఒక్క షాటు వేసి చూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, మచ్చ పడకపోతేనే మిగతాది చేస్తారు. మీ దగ్గరున్నదే ఆరు వారాలు, అది కాస్తా ఆ పరీక్షకే సరిపోతుంది.

కాబట్టి పెళ్లికి ముందు వద్దు. రెండు మూడు గీతలను మేకప్ ఆర్టిస్టు పచ్చ ఛాయ ఉన్న కన్సీలర్ చిటికెడు పెట్టి దాచేస్తుంది, ఎరుపును పచ్చ చంపుతుంది. మంగళస్నానానికి పెట్టే నలుగు మాత్రం ఆ బుగ్గ మీద గట్టిగా రుద్దొద్దని పేరంటాళ్లకు చెప్పండి. వేసవి ఎండలు తగ్గాక నెమ్మదిగా చేయించండి, ఒకటి నుంచి మూడు సిట్టింగులు చాలు.

ప్రశ్న: కాళ్లకు కూడా లేజర్ చేస్తారుగా, సూది ఎందుకు?
- పాఠకుడు, అంబత్తూరు

జవాబు: చేస్తారు. సూది మొన కంటే సన్నగా, 0.3 మిల్లీమీటర్ల లోపు గీతలకు, మందు పడనివాళ్లకు, ఇంజెక్షన్ తర్వాత లేచిన మ్యాటింగ్‌కు లేజర్ పనికొస్తుంది. మిగతావాటికి సూదే నయం. కాలి సిరలు లోతు, ఒత్తిడి ఎక్కువ, వాటిని మూయాలంటే వేడి ఎక్కువ పెట్టాలి, నొప్పీ మచ్చా అంతకంత పెరుగుతాయి. ఖర్చు సంగతి సరేసరి.

ప్రశ్న: ఐదో నెల. పిక్కల మీద కొత్తగా నీలి గీతలొచ్చాయి. ఇప్పుడే తీయించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. గర్భంలో గీతలు పోగొట్టే ఏ సూది మందూ వేయరు. పాలిచ్చేటప్పుడు కూడా సాధారణంగా ఆపుతారు. కాన్పయిన మూడు నుంచి ఆరు నెలల్లో సగం గీతలు వాటంతట అవే పోతాయి, పోనివాటి సంగతి అప్పుడు చూడొచ్చు. ఈలోగా ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, కాళ్ల కింద దిండు పెట్టుకోండి. ఒకే కాలు హఠాత్తుగా వాచినా నొప్పి పెట్టినా మీ డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి 58. ఛాతీ మీద, భుజాల మీద ఎర్రటి నక్షత్రాల్లాంటివి ఏడెనిమిది వచ్చాయి. పొట్ట మీద ఎర్రటి పుట్టుమచ్చలు కూడా ఉన్నాయి. అన్నీ కాల్పించేయమంటున్నారు.
- పాఠకురాలు, కొళత్తూరు

జవాబు: రెండూ ఒకటి కావు. పొట్ట మీద కుంకుమ బొట్టులా గుండ్రంగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉండేవి చెర్రీ యాంజియోమాలు. వయసుతో వస్తాయి, హాని లేదు. ఇబ్బందనిపిస్తే సన్న కరెంటు సూదితో నిమిషంలో తీసేస్తారు, కొన్ని రోజులు పెచ్చు ఉంటుంది.

నక్షత్రాల సంగతి వేరు. గాజు గ్లాసు అడుగుతో ఒకదాన్ని నొక్కండి, తెల్లబడుతుంది. మెల్లగా వదిలితే నడిమి చుక్క నుంచి చుట్టూ ఉన్న గీతల్లోకి రక్తం పారుతూ నిండితే అది స్పైడర్ యాంజియోమా. ఒకటో రెండో పిల్లలకూ, గర్భిణులకూ ఉంటాయి. ఈ వయసు మగవారికి ఏడెనిమిది ఒక్కసారి లేచాయంటే కాలేయం వైపు చూడాలి. మద్యం అలవాటుందా, షుగరు, కొవ్వు కాలేయం ఉన్నాయా, అరచేతులు ఎర్రగా ఉంటున్నాయా అడగండి. ముందు ఫిజీషియన్‌కు చూపించి కాలేయం రక్తపరీక్షలు, పొట్ట స్కాన్ చేయించండి. కాల్పించడం ఎప్పుడైనా చేయొచ్చు. ఇప్పుడే కాల్పిస్తే కనబడే గుర్తు పోతుంది, లోపలి జబ్బు అలాగే ఉంటుంది.

ప్రశ్న: ఆముదం రాసి మర్దన చేస్తే, ఆపిల్ సైడర్ వెనిగర్ రాస్తే, డయోస్మిన్ మాత్రలు వేసుకుంటే గీతలు పోతాయా?

జవాబు: మొదటి రెండింటితో పోవు. వెనిగర్ చర్మాన్ని కాలుస్తుంది. డయోస్మిన్ కాళ్ల బరువు, వాపు కొంత తగ్గిస్తుంది గానీ గీతను చెరపదు. కాళ్లు గోడకు ఆనించి పడుకునే ఆసనమూ అంతే, హాయిగా ఉంటుంది, చేయండి.

ప్రశ్న: సూది మందు తర్వాత కాలిని బిగించి పట్టే మేజోళ్లు వేసుకోమన్నారు. మే నెలలో, ఈ చెన్నై ఉక్కలో ఎలా అండీ? బలవంతంగా ఎక్కిస్తే మొదటిరోజే చిరిగింది.
- పాఠకురాలు, మైలాపూరు

జవాబు: మే నెలలో చేయించుకోవడమే పొరపాటు. అత్యవసరం కాని ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ తగలదు, మరక తక్కువ, మేజోడు భరించవచ్చు. అయిపోయింది కాబట్టి ఏసీ గదిలో ఉన్నంతసేపైనా వేసుకోండి. గీతలకు సాధారణంగా 20-30 ఎంఎంహెచ్‌జీ ఒత్తిడి ఉన్నవి, ఒకటి నుంచి మూడు వారాలు పగటిపూట.

చిరగడానికి కారణం మీ మెట్టెలూ పట్టీలే అయ్యుంటాయి. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం కొనండి, మెట్టెల మీద పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి మేజోడు జార్చి, తర్వాత వేళ్ల దగ్గర నుంచి కవరు లాగేయండి. పట్టీలు తీయక తప్పదు. పొద్దున మంచం దిగకముందే, కాలు వాచకముందే వేసుకోవాలి. మేజోడును మడమ దాకా లోపలికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెంగా పైకి. గోళ్లతో లాగకండి, గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని అరచేతులతో తోయండి. తడి కాలికి ఎక్కదు, కాస్త పౌడరు చల్లండి. పైన మిగిలితే మడవొద్దు. మడిచిన చోట ఒత్తిడి రెట్టింపై కాలికి ఉరి బిగుస్తుంది.

కొలత కూడా ముఖ్యమే. చీలమండ పైన అతి సన్నని చోట, పిక్కలో అతి లావు చోట, మడమ నుంచి మోకాలి మడత దాకా, మూడు కొలతలూ పొద్దునే తీయాలి. చెప్పుల సైజు చెప్పి కొంటే సరిపోదు. షుగరు, పొగ అలవాటు ఉండి నడిస్తే పిక్క పట్టేసేవాళ్లు మాత్రం పాదంలో నాడి కొట్టుకుంటోందో లేదో చూపించుకున్నాకే వేసుకోవాలి. మంచి రక్తం సరిగ్గా అందని కాలికి ఇది కీడు చేస్తుంది.

ప్రశ్న: ఇన్సూరెన్సు వస్తుందా? ఎంతవుతుందని ఎవరూ సూటిగా చెప్పడం లేదు.
- పాఠకుడు, పోరూరు

జవాబు: అందం కోసం చేయించుకునేదానికి ఆరోగ్య బీమా రాదు. పైగా కాస్మెటిక్ చికిత్స అని బిల్లు వేస్తే 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. డాప్లర్‌లో కవాటాలు పాడైనట్టు తేలి వేరికోస్‌గా చికిత్స చేస్తే అది వేరే లెక్క, పాలసీలో ఆ జబ్బుకు ఎన్నేళ్ల వెయిటింగ్ ఉందో చూసుకోండి. ధర అడిగేటప్పుడు మొత్తం ఎంత అని అడక్కండి. సిట్టింగుకు ఎంత, ఒక కాలికా రెండు కాళ్లకా, మందు అందులోనేనా, మేజోళ్లు విడిగానా, రెండో వారం గడ్డ తీయడానికి మళ్లీ ఫీజుంటుందా, చేసేది డాక్టరేనా టెక్నీషియనా - ఈ ఆరూ అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఐదారు సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. మొదటిదాని ఫలితం ఆరు వారాలకు గానీ తెలియదు.